తొమ్మిది గంటల నీడ

మా ఊళ్లో ఎర్లిందా గురించి ఎవరినడిగినా మంచే చెబుతారు. నన్నడిగినా మంచే చెబుతాను. కాకపోతే నాకు కాస్త ఆలస్యమవుతుంది.

సాన్ బార్తోలోకి కొండ జెముళ్లు చూడటానికి వచ్చేవాళ్లు ముందు వెతికేది ఆమె ఇంటినే. తెవాకాన్ నుంచి వచ్చే బస్సు డ్రైవరు కూడా "నీలం గేటు, గడ్డి టోపీ ఆవిడ" అని చెప్పి దించేసి పోతాడు. అరవై దాటిన మనిషి. పొట్టిగా, గట్టిగా, ఎండలో మగ్గిన నిలువు జెముడు మొద్దులా ఉంటుంది. వాళ్ల నాన్న ఉప్పుమడుల్లో పనిచేసేవాడు. ఏడేళ్ల పిల్లగా ఉన్నప్పుడే ఉప్పునీళ్ల కడవలు మోసింది కాబట్టి కొండలు ఆమెకొక లెక్క కాదు. పెళ్లాడినవాడు రెండేళ్లు కాపురం చేసి, వెరాక్రూజ్‌లో పనుందని వెళ్లి, అక్కడే ఇంకో ఇల్లు కట్టుకున్నాడు. ఎర్లిందా ఏడవలేదంటారు. పొద్దున్నే లేచి కొండెక్కిందట. అప్పటినుంచి ఎక్కుతూనే ఉంది.

ఆమె ఒక రోజు నడకని సిద్ధం చేసే తీరు చూసి తీరాలి. చీకటి విడకముందే వచ్చినవాళ్లందరినీ గేటు ముందు వరసగా నిలబెడుతుంది.

"కాలు ఎత్తండి సెన్యోర్. గుర్రానికి నాడా చూసినట్టు చూస్తాను, సిగ్గుపడకండి. ఈ బూట్లు నున్నగా అరిగిపోయాయి. వీటితో నాట్యం చెయ్యొచ్చు, కొండెక్కలేరు. లోపల పాతవి ఉన్నాయి, మార్చుకోండి."

"నీళ్లు మూడు సీసాలు తెమ్మన్నారు, ఎందుకండీ?"

"రెండు మీకు. మూడోది మీ పక్కాయనకి. ఆయన ఒక్కటే తెచ్చాడు, మీరే చూడండి."

ఎవరైనా అత్తరు రాసుకొస్తే వాళ్లని వరస చివరకి నెట్టి, "మీరు కాస్త దూరంగా నడవండి. ఇవాళ తేనెటీగలకి మీరే పండగ" అంటుంది. నిలువు జెముళ్ల పూలు రాత్రి విచ్చుకుంటాయి, ఎండ ముదిరితే ముడుచుకుంటాయి. అందుకని మొదటి కొండ మీదకి ఏడున్నరలోపు చేరాలి. ఏ వాలులో ఏ వేళకి నీడ ఉంటుందో, ఎక్కడ ముసలివాళ్లని కూర్చోబెట్టాలో, ఎక్కడినుంచి వెనక్కి తిప్పాలో అంతా ఆమె తలలో ఉంటుంది. నిజానికి అంతా కాదు. సగం ఆమె తలలో, సగం మా ఆయన తలలో.

మా ఆయన పేరు క్రిసోఫొరో. పందొమ్మిదేళ్లు ఆ ఇద్దరూ కలిసే మనుషుల్ని కొండమీదికి తీసుకెళ్లారు.

ఎవరూ తప్పుగా అనుకోవద్దు. నేను ఆ రకం మాట చెప్పడం లేదు. ఎర్లిందా మా కొమాద్రె, మా ఆయన ఆమెకి కొంపాద్రె. మా అమ్మాయి అంపారోకి జ్ఞానస్నానమప్పుడు చేతుల్లో ఎత్తుకున్న మనిషి, దానికి జ్ఞానమ్మ. ఆ బంధం కలిశాక "నువ్వు" అనుకోవడం ఆగిపోతుంది, "మీరు" మొదలవుతుంది. కొమాద్రెతో పోట్లాడితే పాపం. కొమాద్రెని అనుమానిస్తే ఇంకా పాపం. నేను అనుమానించలేదు. కుళ్లుకున్నాను, అంతే. దానికి పాపం ఉందో లేదో పాదిరిని నేను అడగలేదు.

ప్రతి శుక్రవారం సాయంత్రం మా వంటింటి బల్ల దగ్గర మర్నాటి నడక గురించి మాట్లాడుకునేవాళ్లు. నా డబ్బాలోంచి మొక్కజొన్న గింజలు తీసి బల్ల మీద పరిచేవాళ్లు. ఒక్కో గింజ ఒక్కో మజిలీ. నల్ల చిక్కుడు గింజ పెడితే అక్కడ నీళ్లు తాగాలని. నేను దాల్చినచెక్క కాఫీ పోస్తూ వినేదాన్ని.

"అప్పచెల్లెళ్ల దగ్గర ఆగుదామా కొంపాద్రె?"

"వద్దు. ఎనిమిది దాటితే అక్కడ నీడ ఉండదు."

"అయితే పాదిరి దగ్గర."

"పాదిరికి ఈ వారం పూలు రాలిపోయాయి."

ఇద్దరూ పగలబడి నవ్వేవాళ్లు. అప్పచెల్లెళ్లు, పాదిరి, కుంటోడు, ఇవన్నీ జెముళ్లకి వాళ్లు పెట్టుకున్న పేర్లు. పాదిరికి పూలు రాలితే నవ్వెందుకో నాకు తెలిసేది కాదు. అడిగితే "అది చూస్తే గానీ తెలియదులే ఫేలి" అనేవాడు మా ఆయన. ఒకసారి తీసుకెళ్లమన్నాను. వచ్చే వారం అన్నాడు. ఆ వచ్చే వారాలు పందొమ్మిదేళ్లు వచ్చాయి. మంచంలో మా అత్తగారు, దొడ్లో మేకలు, శనివారం నడకకి పన్నెండు మందికి రొట్టెలు. నేను కొండెక్కితే ఆ రొట్టెలు కాల్చేదెవరు? చిక్కుడు గింజల ముద్ద, జెముడు మొగ్గలతో గుడ్ల వేపుడు, ఎర్ర కారం, అన్నీ గుడ్డలో మూట కట్టి ఇచ్చేదాన్ని. కొండ మీద తిన్నవాళ్లు దిగివచ్చి "సెన్యోరా ఎర్లిందా, మీ చేతివంట మరిచిపోలేం" అని ఆమె చేయి పట్టుకుని ఊపేవాళ్లు. "నాది కాదండీ, మా కొమాద్రెది" అని ఆమె అనేదట. అంపారో విన్నానంటుంది. నేను మాత్రం వినలేదు.

మా ఆయన ఫిబ్రవరిలో పోయాడు. కొండ మీద కాదు. పెరట్లో, మేకలకి నీళ్లు పెడుతూ. అదొక్కటి నాకు దక్కింది.

తొమ్మిది రోజుల ప్రార్థనలకి ఊరంతా వచ్చింది. వచ్చినవాళ్లు నన్ను కౌగిలించుకుని నాలుగు మాటలు చెప్పి, తర్వాత మూలన కూర్చున్న ఎర్లిందా దగ్గరికి వెళ్లి నాలుగు మాటలు చెప్పారు. నాకు నాలుగు, ఆమెకి నాలుగు. ఉప్పుమడుల ముసలి రొసెందో అయితే ముందు ఆమె దగ్గరికే వెళ్లాడు. నల్లబట్టలు కట్టుకున్నది నేనే అయినా.

ఇప్పుడు అసలు సంగతి చెప్పాలి.

మా కొండల్లో బొత్తాం అని ఒక చిన్న జెముడుంది. చొక్కా బొత్తామంత ఉంటుంది. ఏడాది పొడుగునా మట్టిలోకి దిగిపోయి గులకరాయిలా పడుంటుంది. అక్టోబరు మొదట్లో, వానలు వెనక్కి తగ్గాక, నాలుగు రోజులు మాత్రం తనకన్నా పెద్ద గులాబీరంగు పువ్వు పూస్తుంది. ఆ చోటు తెలిస్తే దొంగలు చెంచాలతో తవ్వి, డబ్బాల్లో పెట్టుకుని ఎత్తుకుపోతారు. అందుకని మా పెద్దల కాలం నుంచి ఒక కట్టు ఉంది. ఇలాంటి మొక్క ఉన్న చోటు ఇద్దరికే తెలియాలి. ఒక్కరికే తెలిస్తే ఆ మనిషితో పోతుంది, ముగ్గురికి తెలిస్తే సంతకెక్కుతుంది. ఆ ఇద్దరూ ఒకే కప్పు కింద పడుకునేవాళ్లు కాకూడదు. ఒకరు పోతే మిగిలినవారు ఇంకొకరిని ఎంచుకోవాలి. ఏటా పూసిన రోజుల్లో వెళ్లి, పువ్వుకో ముడి చొప్పున దారానికి వేసి, ఆ దారాన్ని ఊరి కమిటీ గదిలో ఆ చోటు తాలూకు మేకుకి తగిలించాలి. ముడులే ఉంటాయి. చోటు ఎక్కడా రాయరు.

బొత్తాల చోటు మా ఆయనది. వాళ్ల మేనమామ దగ్గర్నుంచి వచ్చింది. రెండో మనిషిగా ఆయన ఎంచుకున్నది ఎర్లిందాని.

నన్ను ఎంచుకోవడానికి లేదు, నాకు తెలుసు. నేను ఆయన కప్పు కిందే పడుకుంటాను. కానీ నా కప్పు కింద పడుకోనివాళ్లు ఊళ్లో నాలుగు వందల మంది ఉన్నారు. వాళ్లందర్లో ఆమే ఎందుకు? పందొమ్మిదేళ్లు రొట్టె కాల్చినప్పుడల్లా ఈ ప్రశ్న తిప్పి తిప్పి కాల్చుకున్నాను.

ఆయన పోయాక నాకు ఇంకో ఆలోచన వచ్చింది. ఇప్పుడు ఎర్లిందా ఒక్కతే మిగిలింది. రెండో మనిషి కావాలి. అత్తగారూ పోయింది, ఇప్పుడు నా కప్పు కింద నేను తప్ప ఎవరూ లేరు. ఆయన సగం నాకు రావాలి. అది తప్ప ఇంకేం అడగలేదు నేను ఈ కొండల్ని.

సెప్టెంబరు చివర్లో ఆమె ఇంటికి వెళ్లాను. పెరట్లో గోరువెచ్చటి ఉప్పునీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చుంది.

"రండి కొమాద్రె. కాఫీ పెట్టనా?"

"వద్దు కొమాద్రె. ఒక మాట అడగాలని వచ్చాను. బొత్తాలకి మీకు రెండో మనిషి కావాలి కదా."

"కావాలి."

"నేనున్నాను."

ఆమె నీళ్లలో కాళ్లు కదిపింది. నా వైపు చూడలేదు.

"మోకాళ్లు పట్టేసే దారి కొమాద్రె. ముళ్లు. మీకెందుకు ఇదంతా?"

మీకెందుకు! ఆయన కూడా అదే మాట అనేవాడు. చచ్చిపోయిన మనిషి మాటని ఆమె నోట విన్నాను. "అవును, నాకెందుకు" అని లేచి వచ్చేశాను. ఆ సాయంత్రం పెనం మీద మూడు రొట్టెలు మాడ్చాను.

అంపారోది పిండిమర. ఊరి కబుర్లన్నీ అక్కడే నలుగుతాయి. మర్నాడు నానిన మొక్కజొన్నలు పట్టుకెళితే నా ముఖం చూసి కనిపెట్టింది.

"మళ్లీ మా జ్ఞానమ్మ మీద పడ్డావా?"

"నేనెవరి మీదా పడలేదు."

"అమ్మా, పోయిన నాన్న మీద కూడా ఇంకా కుళ్లేనా?"

"మీ నాన్న మీద కాదే."

"మరి దేనిమీద?"

"ఆవిడ కాళ్ల మీద."

మర దగ్గరున్న ఆడవాళ్లు నవ్వారు. ఒకావిడ "ఆవిడ కాళ్లు నువ్వు తీసుకో ఫెలీసితాస్, నీ చేతులు ఆవిడకి ఇచ్చెయ్. అప్పుడైనా కొండమీద వేడి రొట్టె దొరుకుతుంది" అంది. ఇంకొకావిడ మెల్లగా, ఎర్లిందా బొత్తాల చోటు తన మేనకోడలికి చెప్పబోతోందట అంది. ఆ మాట నాలుగు రోజులు నా గొంతులోనే ఉంది.

అక్టోబరు మొదట్లో వచ్చే సాన్ ఫ్రాన్సిస్కో పండగ ముందు రోజు, పండగ రోజు, తర్వాతి రోజు, వరసగా మూడు ఉదయాలు ఎర్లిందా ఒక్కతే మా వీధిలోంచే కొండకి వెళ్లింది. కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. మేనకోడలు వెంట లేదు. మధ్యాహ్నానికి తిరిగి వచ్చేటప్పుడు చేతిలో దారం కనబడలేదు. ఆదివారం కమిటీ కూర్చుంటుంది. ఆ లోపు ముడుల దారం రాకపోతే మొక్క పోయినట్టే రాసుకుని, మా ఆయన మేకు పీకేస్తారు.

మూడో రోజు సాయంత్రం ఆమే మా ఇంటికి వచ్చింది. ఆయన పోయాక మా బల్ల దగ్గర కూర్చోవడం అదే మొదటిసారి. తన ముక్కాలిపీట మీదే కూర్చుంది. నేను అడగకుండానే డబ్బాలోంచి గుప్పెడు గింజలు తీసి బల్ల మీద పోసింది. ఒకటి పెట్టింది, రెండు పెట్టింది, మూడోది వేళ్ల మధ్య పట్టుకుని ఆగిపోయింది.

"తాత పడిపోయాడు కొమాద్రె" అంది.

"ఏ తాత?"

"తెల్ల జుట్టు జెముడు. మా కొంపాద్రె మేనమామ చిన్నప్పటికే ముసలిది. జులై గాలివానకి గట్టుతో సహా జారి వాగులో పడిపోయింది. మొదలు ఎక్కడుండేదో కూడా తెలియడం లేదు." ఆ గింజని డబ్బాలో వేసేసింది. "మా గుర్తు అదే. ఈ పండగ నాటికి పొద్దున తొమ్మిది గంటలకి తాత నీడ కొస ఎక్కడ పడితే అక్కడ బొత్తాలు. ఇంకో గుర్తు పెట్టుకోలేదు. రాయి పెడితే దొంగలకి కనబడుతుంది. తాతకేమవుతుంది, మనం పోతాం గానీ తాత పోడు అనేవారు ఆయన."

"మరి ఇన్నేళ్లు వెళ్లారు కదా మీరు!"

"వెళ్లాను. ఆయన వెనక వెళ్లాను. ఆ వాలంతా ఒకటే రాయి కొమాద్రె. నేను ఆయన మడమలు చూస్తూ నడిచాను గానీ ముందు చూడలేదు. మూడు రోజుల్నుంచి వెతుకుతున్నాను. మీరు అడిగిన రోజే అనుమానం, దొరకదేమోనని. ఏమని చెప్పను మీకు? మీ ఆయన నా చేతిలో పెట్టింది పారేసుకున్నానని చెప్పనా?"

దాచను. ఒక్క క్షణం నాకు సంతోషం కలిగింది. ఆమెకీ తెలియదు! ఆ తర్వాతే అర్థమైంది. ఆమెకి తెలియకపోతే ఇక ఎవరికీ తెలియదు. ఆయన సగం నాకు రాదు సరికదా, ఆమె సగం కూడా లేదు.

లేచి కాఫీ వేడిచేశాను. వేడిచేస్తూ అడిగాను.

"ఆ వాలులో బూడిదరంగు బంకమట్టి ఎక్కడుంది?"

"బంకమట్టా? అక్కడ అంతా తెల్ల సున్నపు మట్టే కదా."

"మీరు ఎప్పుడైనా అక్కడ మోకాళ్లు వేశారా?"

"లేదు. ఆయన వంగి లెక్కపెట్టేవారు. నేను నిలబడి ముడులు వేసేదాన్ని. లెక్కపెట్టినవారు ముడి వేయకూడదుగా."

ఏటా అక్టోబరులో ఒక్క రోజు ఆయన ప్యాంటు మిగతా రోజుల్లా ఉండేది కాదు. మిగతా రోజుల తెల్ల దుమ్ము దులిపితే పోతుంది. ఆ రోజు మోకాళ్ల దగ్గర బూడిదరంగు బంక, నాలుగు నీళ్లకి కూడా పోదు. కుడి మోకాలికి ఎక్కువ, ఎడమకి తక్కువ. చొక్కా ఎడమ చేతికి గోధుమరంగు నూగుముళ్లు, వెంట్రుకలంత సన్నవి. దీపం దగ్గర పెట్టి ఒక్కొక్కటీ లాగేదాన్ని. కుడి చేతికి ఒక్కటీ ఉండేది కాదు. పందొమ్మిదేళ్లలో ఒక్కసారి కూడా మారలేదు.

ఇదంతా నోటిదాకా వచ్చింది. మింగేశాను.

"రేపు నన్ను తీసుకెళ్లండి. అక్కడ చెబుతాను."

"ఇక్కడే చెప్పండి కొమాద్రె, నేను చూసి వస్తాను."

"ఇక్కడ చెప్పను."

"సరే. అయిదున్నరకి" అని గింజలన్నీ ఏరి డబ్బాలో పోసింది.

తెల్లవారుజామున వెళ్లేసరికి గేటు ముందు నిలబడి ఉంది. "కాలు ఎత్తండి" అంది.

"నాకు కూడానా?"

"బిషప్పు వచ్చినా ఎత్తాల్సిందే."

ఎత్తాను. నా కాళ్లకి ఉన్నవి మా ఆయన బూట్లు, వేళ్ల దగ్గర గుడ్డలు కుక్కుకున్నాను. ఆమె బూటు అడుగు చూసి దించమంది. కాసేపయ్యాక "కుడిదాని తాడు రెండుసార్లు కట్టండి కొమాద్రె, అది ఊడిపోతూ ఉంటుంది" అంది. బూటు తాడు సంగతి కూడా ఆమెకి తెలుసు! పళ్లు బిగించి రెండుసార్లు కట్టాను.

ఆమె వెనక నడిచాను. యాభై ఎనిమిదేళ్లు ఆ కొండల కింద బతికి, వాటిని దగ్గరగా చూడటం అదే. రెండు జెముళ్లు ఒకదాని మీద ఒకటి చెయ్యి వేసుకున్నట్టున్న చోట "అప్పచెల్లెళ్లు" అంది ఆమె. నాకు చెప్పక్కర్లేదు. ఇంకాస్త పైన ఒక లావుపాటి నిలువు జెముడు, రెండు కొమ్మలు పైకెత్తి, నడినెత్తిన బట్టతలతో, తల చుట్టూ మాత్రం ఎండిన పూల రెబ్బలతో నిలబడి ఉంది. మా పాత పాదిరి గౌదెన్సియో గారు పూజలో చేతులెత్తినట్టు అచ్చం అలాగే! ఆ రెబ్బలు కూడా రాలితే! నవ్వు ఆగలేదు. నేల మీద కూర్చుని నవ్వాను. పందొమ్మిదేళ్లు కాఫీలు పోస్తూ నవ్వలేని నవ్వంతా అప్పుడు వచ్చింది. ఎర్లిందా కూడా నవ్వింది. ఆమె నవ్వుతుంటే నాకు మళ్లీ గుర్తొచ్చి ఆపేశాను.

ఎనిమిదిన్నరకి ఆ వాలు చేరాం. ఆమె చెప్పినట్టే అంతా ఒకటే రాయి, ఒకటే తెలుపు. కింద వాగులో తాత పడి ఉన్నాడు. తెల్ల జుట్టంతా బురద.

"ఇప్పుడు చెప్పండి" అంది.

"ఎడమ చేతికి నూగుముళ్ల నాగజెముడు తగిలే దారి ఏది?"

"నాగజెముడా... ఆ పొద అదిగో, అక్కడ ఉంది. కానీ ఎక్కేటప్పుడు అది కుడి చేతికి వస్తుందే." చెయ్యి ఎత్తి చూసుకుంది. ముఖం మారిపోయింది. "మేం ఎక్కేటప్పుడు అటు వెళ్లం. తాత దగ్గరికి చుట్టూ తిరిగి పైకి చేరుకుని, అక్కడినుంచి నీడ వెంట కిందకి దిగేవాళ్లం. దిగితే ఎడమకే వస్తుంది కొమాద్రె, ఎడమకే!"

చుట్టూ తిరిగి పైకి వెళ్లి, పొదని ఎడమ చేతికి రాసుకుంటూ దిగాం. ఆ పొద దాటాక నేను ఆమెకన్నా ముందు ఉన్నాను. ఎలా ముందుకి వచ్చానో తెలియదు. నాలుగు అడుగులకోసారి వంగి, రాళ్ల కింది మట్టి తీసి, ఉమ్మి తడిపి వేళ్ల మధ్య రుద్దాను. తెలుపు. తెలుపు. తెలుపు. ఎర్లిందా నా వెనక ఊపిరి బిగబట్టి వస్తోంది. ఒకచోట వేళ్లకి అంటుకుంది. మళ్లీ రుద్దాను. అంటుకునే ఉంది. నా వేళ్లకి ఆ మట్టి తెలుసు. రాతి మధ్యనుంచి మంచమంత మేర, సన్నటి పాయలా ఉంది. పైనంతా గులకరాళ్లే, అందుకే రంగు కనబడదు.

కుడి మోకాలు ముందు వేశాను. అక్కడ నేల కాస్త పల్లంగా ఉంది, మోకాలు సరిగ్గా ఇమిడింది. తల వంచి చూస్తే గులకరాళ్ల మధ్య ఒక గులాబీరంగు పువ్వు. దాని పక్కన ఇంకోటి. ఇటు మూడు.

"దారం తీయండి" అన్నాను.

నేను లెక్కపెట్టాను, ఆమె ముడులు వేసింది. నలభై మూడు. పోయినేడాది ముప్పయి ఎనిమిదట.

లెక్క పూర్తయి తల ఎత్తేసరికి ఎర్లిందా ఏడుస్తోంది. టోపీ ముఖానికి అడ్డం పెట్టుకుని, భుజాలు ఎగిరెగిరి పడేలా ఏడుస్తోంది. ఆయన పోయిన రోజున కూడా నేనలా ఏడవలేదు. ఇంటినిండా జనం, అందరికీ కాఫీ పెట్టాలి. ఇక్కడికి వచ్చాక ఏడుద్దామని అనుకున్నాను. ఇక్కడ కూడా ఆమే ముందు మొదలెట్టింది! ఏం మనిషి!

"ఇక్కడ మీ ఇద్దరూ ఏం మాట్లాడుకునేవాళ్లు?" అని అడిగేశాను. పందొమ్మిదేళ్లుగా అడగాలనుకున్నది.

"ఏమీ లేదు కొమాద్రె." ముక్కు తుడుచుకుంది. "లెక్క అవగానే మీ మూట విప్పేవాళ్లం. పైనున్న రొట్టెలు మీరు తీసుకోండి కొమాద్రె, అడుగువి నాకు ఉంచండి అనేవారు. ప్రతిసారీ అంతే. పైవి వేడిగా, మెత్తగా ఉంటాయని, మంచివి నాకిచ్చి తను అడుగువి తింటున్నారని ఎంత మర్యాద అనుకునేదాన్నో."

"అడుగువే మంచివి కొమాద్రె" అన్నాను.

"ఏమిటి?"

"ఎండుమిరపకారం, మేకపాల జున్ను ఉన్నవి నాలుగు చేసి, అడుగున పెట్టేదాన్ని ఆయనకోసం. పైవి వెంట ఉన్నవాళ్లకి. వట్టి చిక్కుడు గింజలు."

ఎర్లిందా నోరు తెరుచుకుని చూసింది. తర్వాత ఏడుపులోంచే నవ్వింది. "దొంగ! పందొమ్మిదేళ్లు నాకు వట్టి చిక్కుళ్లు తినిపించాడు!" అంది. అడుగున పెట్టేది నేనే. అవి తనకోసమని ఆయనకి తెలుసో లేదో నేనెప్పుడూ అడగలేదు. తెలుసన్నమాట. అప్పుడు వచ్చింది నాకు ఏడుపు. ఆమె టోపీ నాకిచ్చింది అడ్డం పెట్టుకోమని. పెట్టుకున్నాను.

దిగేటప్పుడు నేను ముందు నడుస్తానన్నాను. ఆమె సరేనంది. ఒకచోట దారి రెండుగా చీలింది. అడగాలనిపించలేదు. కుడికి తిరిగాను. అరగంట నడిచాక ముళ్లపొదల మధ్య దారి ఆగిపోయింది.

"ఇది దారి కాదా కొమాద్రె?"

"కాదు కొమాద్రె. మేకలది."

"అరగంట నుంచి చెప్పొచ్చుగా!"

"ముందు నడుస్తానన్నారు కదా మీరు. నేను వెనక నడవడానికి అలవాటుపడ్డదాన్ని."

ఆదివారం గదిలో కమిటీ పెద్ద దోన్ మెలితోన్ దారం అందుకుని, ముడులు వేళ్లతో తడుముకుని లెక్కపెట్టాడు. మా ఆయన మేకుకి తగిలించాడు. రెండో మనిషి పేరు పలకరు. ఆ మనిషి దారం చివర తన ముడి తానే వేస్తుంది. గదిలో అందరూ గోడ వైపు తిరిగారు, అది పద్ధతి. ఎర్లిందా దారం చివర నా చేతిలో పెట్టింది. గట్టిగా వేశాను, నా పళ్లతో లాగి మరీ.

ఇప్పుడు శుక్రవారాలు మళ్లీ మా బల్ల దగ్గరికే వస్తోంది. గింజలు పరుస్తుంది. "పాదిరి దగ్గర ఆగుదామా?" అని అడుగుతుంది. "పూలు రాలాయా?" అని నేనంటాను. నవ్వుతాం. ఆమె నవ్వు నా నవ్వుకన్నా పెద్దది, ఆమెకి ఇంకా ఎక్కువ జ్ఞాపకాలున్నాయి కాబట్టి. ఆ నవ్వు చివర్లో నేను ఇంకా కాస్త మాడుతూనే ఉంటాను.

ఆ మట్టి సంగతి మీకెలా తెలిసిందని ఒకసారి అడిగింది. "ఉతికేదాన్ని కదా" అన్నాను. అంతే చెప్పాను.

ఇంకోటి చెప్పలేదు. ఏటా ఆ రోజు ఆయన ప్యాంటు మడతల్లో నత్త ఆకారంలో చిన్న చిన్న రాళ్లు దొరికేవి, గోరంతవి. ఆ బూడిద మట్టిలో మాత్రమే ఉంటాయి. ఏడాదికి రెండో మూడో. అన్నీ ఒక మట్టి గిన్నెలో వేసి, పెట్టె అడుగున నా పెళ్లి శాలువా కింద దాచాను. ఆయనకి కూడా తెలియదు. మొన్న కొండనుంచి వచ్చాక నా పావడా అంచు దులిపితే ఒకటి రాలింది. అది కూడా అందులోనే వేశాను.

ఆ గిన్నె గురించి ఎర్లిందాకి చెప్పను. కొండ మీది చోటు ఇద్దరికి తెలియాలి, అది కట్టు. గిన్నెకి ఏ కట్టూ లేదు.